త్రికాస్థి ముందరి మచ్చ, ఛాతీలోని గ్రంథులు: ఒక పెట్-సీటీ కేసు

చెన్నైలో న్యూక్లియర్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరికి నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, తిరుపతి వైపు నుంచి వచ్చే రోగుల కాగితాల్లో తరచూ ఒకే ప్రశ్న ఉంటుంది: సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) పెరుగుతోంది, సీటీ ఏమీ తేల్చలేదు, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసి చెప్పగలరా? అందుకు మేం చేసేది పెట్-సీటీ: కణాలు ఎక్కడెక్కడ గ్లూకోజును ఎక్కువగా లాక్కుంటున్నాయో చూపే పెట్‌నూ, అవయవాల ఆకారాన్ని చూపే సీటీనీ కలిపి తీసే స్కాన్. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. రోగి, ఆయన కుటుంబం అనుమతి ఇచ్చిన తరువాతే దీన్ని రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను మార్చాను. వైద్యపరమైన వివరాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, నేను చేసిన పొరపాటుతో సహా.

రోగి చరిత్ర

రోగికి 57 ఏళ్ళు, గూడూరు ప్రాంతంలో నిమ్మతోట ఉన్న రైతు, పదేళ్ళుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మా దగ్గరికి రావడానికి దాదాపు రెండేళ్ళ ముందు మలంలో రక్తం పడటంతో కొలనోస్కోపీ చేయించుకోగా పురీషనాళంలో (పెద్దపేగు చివరి భాగంలో) మలద్వారానికి ఏడు సెంటీమీటర్ల ఎత్తున పుండు కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే అది అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. ముందుగా 28 విడతల్లో 50.4 గ్రే రేడియేషన్, దానితోపాటు కేపెసిటాబిన్ మాత్రలు ఇచ్చి, ఆ తరువాత పురీషనాళాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా తొలగించే శస్త్రచికిత్స చేశారు. పెద్దపేగు చివరను కింది భాగానికి కలిపి కుట్టారు. తొలగించిన భాగంలో రెండు లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నందున ఆపరేషన్ తరువాత కూడా కొన్ని నెలలు కీమోథెరపీ ఇచ్చారు.

వ్యాధి బయటపడినప్పుడు 14.2గా ఉన్న సీఈఏ, ఆపరేషన్ తరువాత 2.1కి దిగింది. పొగతాగని వారిలో మిల్లీలీటరు రక్తానికి 5 నానోగ్రాముల లోపు ఉండటాన్ని మామూలుగా పరిగణిస్తాం. ఆయనకు ప్రతి మూడు నెలలకూ చేసిన పరీక్షల్లో వరుసగా 2.4, 3.1 వచ్చి, ఆ తరువాత ఒక్కసారిగా 6.8 వచ్చింది; నాలుగు వారాలు ఆగి మళ్ళీ చేస్తే 9.5. ఒక్క అంకెను చూసి కంగారు పడనక్కరలేదు గానీ, నాలుగు వారాల ఎడంతో రెండుసార్లు పైకే పోయిన అంకెను తోసిపుచ్చడానికి వీల్లేదు.

కొలనోస్కోపీలో పేగును కలిపిన చోటు శుభ్రంగా ఉంది. పొట్ట, కటి భాగాల సీటీలో కాలేయం నిర్మలంగా కనిపించింది గానీ, త్రికాస్థికి (వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముకకు) ముందు 2.6 సెంటీమీటర్ల మందాన కణజాలం ఉందని, ఏడాది కిందటి సీటీలో అది 2.2 సెంటీమీటర్లు ఉందని, ఇది చికిత్స వల్ల ఏర్పడిన మచ్చ కావచ్చునని, తిరగబెట్టిన వ్యాధి అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని రాశారు. ఎంఆర్‌ఐ కూడా ఇంచుమించు అదే మాట చెప్పింది. రేడియేషన్ తీసుకున్న కటిభాగంలో త్రికాస్థి ముందు మచ్చ కట్టడం చాలా మామూలు. పురీషనాళ క్యాన్సర్ తిరగబెట్టే చోట్లలో కూడా అదే ముఖ్యమైనది. సీటీకి రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. నాలుగు మిల్లీమీటర్ల తేడా కొలిచేవాళ్ళ చేతి తేడా కూడా కావచ్చు.

స్కాన్‌కు ముందు రోజు, ఆ రోజు

మొదటిసారి వచ్చిన రోజు ఆయనకు స్కాన్ చేయలేకపోయాం. వేకువనే గూడూరులో రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, పదింటికల్లా మా విభాగానికి చేరుకున్నారు. తమిళ నర్సు ‘సాప్పిటీంగళా’ (తిన్నారా) అని అడిగితే, తమిళం బాగానే అర్థమయ్యే ఆయన ‘లేదు’ అన్నారు. అది నిజమే, ఆయన ఏమీ తినలేదు. వేలి చివర గుచ్చి చూస్తే చక్కెర 246 ఉంది. నేను వెళ్ళి తెలుగులో అడిగితే, ‘తినేదానికేముంది సార్, దోవలో ఒక గ్లాసు పాలు తాగినా, పాలే గదా’ అన్నారు. తప్పు ఆయనది కాదు. ‘తినడం’ వేరు, ‘తాగడం’ వేరు అన్న సంగతి మన భాషలో పసిపిల్లలకు కూడా తెలుసు. మా సూచనల కాగితంలో మాత్రం ఆ తేడా లేదు. ఇప్పుడు ఆ కాగితంలో ‘ఆరు గంటల పాటు మంచినీళ్ళు తప్ప పాలు, కాఫీ, టీ, కొబ్బరినీళ్ళు, మజ్జిగ ఏవీ తాగకూడదు’ అని తెలుగులోనూ తమిళంలోనూ ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, మేం ఎక్కించే ఎఫ్‌డీజీ అనేది రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థం. చాలా క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే ఎక్కువగా గ్లూకోజును లాక్కుంటాయి. అవి ఎఫ్‌డీజీని కూడా లోపలికి తీసుకుని, హెక్సోకైనేజ్ అనే ఎంజైముతో దానికి ఫాస్ఫేటును జోడిస్తాయి. ఆ తరువాతి మెట్టు సాగదు కాబట్టి అది కణంలోనే చిక్కుబడిపోతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అసలు గ్లూకోజు, ఎఫ్‌డీజీ ఒకే ద్వారం దగ్గర తోసుకుంటాయి. ఆహారం తీసుకోవడంతో విడుదలయ్యే ఇన్సులిన్ ఎఫ్‌డీజీని కండరాలవైపు మళ్ళిస్తుంది. చక్కెర 200 దాటితే సాధారణంగా స్కాన్ వాయిదా వేస్తాం. ఇక మెట్‌ఫార్మిన్ వాడేవారిలో పేగులన్నీ ఎఫ్‌డీజీతో వెలిగిపోతాయి, కటిభాగంలో ఒక చిన్న మెరుపును వెతకాల్సిన ఈ రోగి విషయంలో అది పెద్ద చిక్కు. అందుకని మధుమేహ వైద్యుడితో మాట్లాడి, 48 గంటల ముందు మెట్‌ఫార్మిన్ ఆపించి, చక్కెరను వేరే మందుతో అదుపులో ఉంచమన్నాం.

రెండోసారి వచ్చినప్పుడు చక్కెర 132 ఉంది. 62 కిలోల బరువుకు 8 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ ఎక్కించి, వెచ్చని గదిలో గంట సేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమన్నాం. ఫ్లోరిన్-18 అర్ధాయువు దాదాపు 110 నిమిషాలే కాబట్టి ఉదయం సైక్లోట్రాన్ (ఫ్లోరిన్-18ను తయారుచేసే యంత్రం) నుంచి బయల్దేరిన మందు మా కోసం ఆగదు. ఎవరైనా రోగి ఆలస్యమైతే ఆ రోజు వరుస అంతా కదిలిపోతుంది.

రెండు చిత్రాలు కలిసి చెప్పింది

ఎఫ్‌డీజీని మనిషికి మొదటిసారి ఎక్కించింది 1976లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. పెట్‌నూ సీటీనీ ఒకే యంత్రంలో కలిపే పనిని డేవిడ్ టౌన్‌సెండ్, రాన్ నట్ తలకెత్తుకున్నారు. వారి తొలి నమూనా 1998లో పిట్స్‌బర్గ్‌లో రోగులకు వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు వైద్యులు పెట్ ఫిల్మును ఒక చేత్తో, సీటీ ఫిల్మును మరో చేత్తో పట్టుకుని, ఈ మెరుపు ఆ నీడలో ఎక్కడ పడుతుందో మనసులోనే అతికించుకునేవారు. ఛాతీలోనో కాలేయంలోనో ఐతే ఆ అతుకు కొంతవరకు కుదిరేది. ఆపరేషన్ జరిగి, పేగులు జారి, మూత్రాశయం వెనక్కి ఒరిగిన కటిభాగంలో మాత్రం అది గుడ్డి లెక్కే. రోగి బల్ల మీద నుంచి లేవకుండానే రెండూ పూర్తవడమే ఈ యంత్రం తెచ్చిన అసలు మార్పు. పైగా, శరీరం లోపలి నుంచి ఎదురెదురు దిక్కుల్లో బయటికి వచ్చే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్‌లలో ఎన్నింటిని దారిలో కణజాలం మింగేసిందో లెక్కకట్టడానికి కూడా సీటీయే ఆధారం.

ఈ రోగిలో మచ్చ అంతా ఒకే తీరుగా లేదు. 2.6 సెంటీమీటర్ల మందాన ఉన్న ఆ కణజాలంలో ఎక్కువ భాగం ఎస్‌యూవీ (ఎఫ్‌డీజీ ఒకచోట ఎంత పోగుపడిందో చెప్పే కొలత) 2.1 దగ్గరే చల్లగా ఉంది. నాలుగో త్రికాస్థి పూసకు ఎదురుగా, మధ్యరేఖకు ఎడమవైపు అంచున మాత్రం 1.4 సెంటీమీటర్ల మేర ఎస్‌యూవీ 8.4 ఉంది. ఎక్కించిన మందు శరీరమంతా సమానంగా పరుచుకుంటే ప్రతిచోటా 1 రావాలి. దానికి ఎన్ని రెట్లు ఒకచోట పోగుపడిందో ఎస్‌యూవీ చెబుతుంది. బరువు, చక్కెర, ఎక్కించాక గడిచిన సమయం, యంత్రం, ఇవన్నీ దాన్ని మారుస్తాయి. అందుకే ఫలానా అంకె దాటితే క్యాన్సర్ అనే గీత గీయడం నాకు నచ్చదు. ఈ కేసులో ముఖ్యమైంది 8.4 అనే అంకె కాదు. ఒకే మచ్చలో రెండు అంకెలు ఉండటం, రేడియేషన్ ముగిసి ఏడాదిన్నర పైగా దాటినా ఒక అంచు ఇంకా చల్లబడకపోవడం.

ఆ మెరుపుకు మూడు సెంటీమీటర్ల ముందు, ఎడమవైపునే మరో చిన్న మెరుపు ఉంది. పెట్ చిత్రం ఒక్కటే చూస్తే రెండూ ఒకే జాతివి అనిపిస్తాయి. సీటీ మీద పెడితే రెండోది సరిగ్గా మూత్రనాళం మీద పడింది. ఎఫ్‌డీజీ మూత్రంలో పోతుంది కాబట్టి నాళంలో నిలిచిన ఒక చుక్క కూడా అలా వెలుగుతుంది. నీళ్ళు తాగించి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి, మూత్రం పోయించి, రెండో గంటలో కటిభాగాన్నీ ఛాతీనీ మళ్ళీ తీశాం. మూత్రనాళం మీది మెరుపు మాయమైంది. త్రికాస్థి దగ్గరిది 8.4 నుంచి 10.1కి పెరిగింది.

అక్కడితో ఆగి ఉంటే ఇది పాఠ్యపుస్తకపు కేసు అయ్యేది. కాని స్కాన్ తల నుంచి తొడల దాకా తీస్తాం. ఛాతీ మధ్య భాగంలో శ్వాసనాళం పక్కన, అది చీలే చోటు కింద, రెండు ఊపిరితిత్తుల మొదళ్ళలో లింఫ్ గ్రంథులు వెలుగుతున్నాయి. అత్యధిక ఎస్‌యూవీ 7.9. రెండో గంటలో తీసిన చిత్రాల్లో అవీ 9.0కి పెరిగాయి. ఆలస్యంగా తీసిన చిత్రంలో మెరుపు పెరిగితే అది క్యాన్సర్, తగ్గితే వాపు అని చెప్పే సూత్రం ఒకటి మా రంగంలో తిరుగుతూ ఉంటుంది. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో నేను దాన్ని నమ్ముకోను, ఎందుకంటే గ్రాన్యులోమాలోని (క్షయ లాంటి వ్యాధుల్లో రక్షణ కణాలు గుమిగూడి కట్టే చిన్న ముద్దలోని) చురుకైన మాక్రోఫేజ్ కణాలు కూడా గ్లూకోజును అంతే ఆత్రంగా లాక్కుంటాయి. కుడి ఊపిరితిత్తి పై భాగంలో పాత నారపోగులు, వాటి పక్కన నాలుగు మిల్లీమీటర్ల గింజ ఒకటి ఉన్నాయి. వాటిలో మెరుపు లేదు. కాలేయం శుభ్రం.

నా రిపోర్టులోని ఒక వాక్యం

త్రికాస్థి ముందరి మెరుపు గురించి ‘స్థానికంగా తిరగబెట్టిన వ్యాధిని బలంగా సూచిస్తోంది’ అని రాశాను. అందులో నాకు పశ్చాత్తాపం లేదు. ఛాతీ గ్రంథుల గురించి మాత్రం ఇలా రాశాను: ‘మెటాస్టాసిస్ అయ్యే అవకాశం ఉంది, గ్రాన్యులోమా వ్యాధిని కూడా పరిగణించాలి.’ మెటాస్టాసిస్ అంటే క్యాన్సర్ పుట్టిన చోటు నుంచి వేరే చోటికి పాకడం.

నా ఆలోచనకు ఆధారం లేకపోలేదు. పెద్దపేగు రక్తం పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికి చేరుతుంది కాబట్టి ఆ క్యాన్సర్ కాలేయాన్ని వదిలి పైకి పోవడం అరుదు. పురీషనాళం కింది భాగపు రక్తంలో కొంత కటి సిరల గుండా నేరుగా గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. అందుచేత కాలేయం శుభ్రంగా ఉన్నా పైకి పాకే దారి ఉంది. ఐతే ఆ దారిన వచ్చే వ్యాధి మామూలుగా ఊపిరితిత్తుల్లో గడ్డలుగా కనిపించాలి. ఇక్కడ ఊపిరితిత్తుల్లో వెలిగే గడ్డలే లేవు, గ్రంథులు రెండు వైపులా అద్దంలో చూసినట్టు సమానంగా ఉన్నాయి, సీటీలో వాటి సాంద్రత ఎక్కువగా ఉంది, రెండింటిలో సున్నపు చుక్కలు కూడా ఉన్నాయి. ఈ సంగతులన్నీ నా రిపోర్టులోని వివరణ భాగంలో ఉన్నాయి. ముగింపు రాసేటప్పుడు మాత్రం పెరుగుతున్న సీఈఏ, పక్కనే కనిపిస్తున్న నిజమైన తిరగబెట్టు నా చేతిని ఒక పక్కకు లాగాయి. గ్రాన్యులోమాను ముందు రాసి, మెటాస్టాసిస్‌ను తరువాత రాయవలసింది.

వాక్యంలో ముందూ వెనకా మారితే ఏమవుతుందని ఎవరైనా అడగవచ్చు. రోగి కొడుకు ఆ రిపోర్టును సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, ఊరివైపు తెలిసిన ఒకరికి చదివించాడు. ‘ఛాతీకి పాకింది, నాలుగో దశ, ఇక ఆపరేషన్ ఉండదు’ అని వాళ్ళు చెప్పారట. రెండు రోజుల తరువాత ఆ అబ్బాయి ఒంటరిగా నా గది దగ్గరికి వచ్చి, ‘సార్, నాయనకు చెప్పలేదు. ఊరికి తీసుకుపోమంటారా?’ అని అడిగాడు. అప్పటికి ట్యూమర్ బోర్డు (వేర్వేరు విభాగాల వైద్యులు కూర్చుని చికిత్సను నిర్ణయించే బృందం) సమావేశం కూడా జరగలేదు.

సూది ఎక్కడ గుచ్చాలి

ట్యూమర్ బోర్డులో శస్త్రవైద్యుడు అడిగినది సూటి ప్రశ్న: ఛాతీ గ్రంథులు క్యాన్సరైతే నేను కత్తి పట్టను, కాకపోతే ఇదే మంచి సమయం, ఏది? చిత్రాలతో దానికి జవాబు చెప్పలేనని, రెండు చోట్లా కణజాలం తీయవలసిందేనని అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

శ్వాసనాళం లోపలి నుంచి అల్ట్రాసౌండ్ సాయంతో గ్రంథుల్లోకి సూది పంపే ఎబస్ పద్ధతిలో మూడు చోట్ల నుంచి నమూనాలు తీశారు. క్యాన్సర్ కణాలు కనిపించలేదు. మధ్యలో జున్నులా కుళ్ళిన గ్రాన్యులోమాలు కనిపించాయి. సీబీనాట్ పరీక్షలో క్షయ క్రిమి ఉన్నట్టు, క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందన్నట్టు వచ్చింది. ఆయనకు దగ్గు లేదు, జ్వరం లేదు. నాలుగు కిలోల బరువు తగ్గారు, దాన్ని అందరమూ క్యాన్సర్ ఖాతాలో వేశాం. మధుమేహం, కీమోథెరపీ రెండూ నిద్రపోతున్న క్షయను లేపగలవన్న సంగతి మాకు తెలియనిది కాదు. ఒక కుటుంబం క్షయ అని విని ఊపిరి పీల్చుకోవడం చూడటం నా వృత్తిలో అదే మొదటిసారి కాదు గాని, ఆ అబ్బాయి ముఖం మాత్రం గుర్తుండిపోయింది.

త్రికాస్థి ముందరి బయాప్సీకి ఇంకొంచెం శ్రద్ధ కావలసి వచ్చింది. రోగిని బోర్లా పడుకోబెట్టి పిరుదు గుండా సూది పంపుతారు. సీటీలో మచ్చ అంతా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి సహజంగా మందం ఎక్కువగా ఉన్న మధ్య భాగానికే సూది పోతుంది. మధ్య భాగం నుంచి ముక్క తీస్తే ఉత్త నారకణజాలం వచ్చేది, ‘క్యాన్సర్ లేదు’ అనే నివేదికతో మరో మూడు నెలలు గడిచేవి. నేను బయాప్సీ గదికి వెళ్ళి, కలిపిన చిత్రాలను పక్క తెర మీద పెట్టి, ఎడమ అంచున ఉన్న స్థలాన్ని నాలుగో పూస నుంచి కొలిచి చూపించాను. స్కాన్ వెల్లకిలా తీసింది, బయాప్సీ బోర్లా చేసేది, పేగులు అటూ ఇటూ జరుగుతాయి. త్రికాస్థిని అంటిపెట్టుకున్న మచ్చ మాత్రం ఎముకతోనే ఉంటుంది కనుక ఆ కొలత నిలిచింది. నాలుగు ముక్కలు తీస్తే మూడింటిలో అడినోకార్సినోమా ఉంది.

ఒకే మనిషిలో, ఒకే రోజున, దాదాపు ఒకే ఎస్‌యూవీతో వెలిగిన రెండు చోట్లలో ఒకటి క్యాన్సర్, రెండోది క్షయ.

చికిత్స, ఆ తరువాత

క్షయ మందులు వెంటనే మొదలుపెట్టారు. ఊరిలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదై మందులు అక్కడే ఉచితంగా అందే ఏర్పాటు జరిగింది. కాలేయ పరీక్షలు నిలకడగా ఉన్నాయని చూసుకుని, ఐదు వారాల తరువాత శస్త్రచికిత్స చేశారు. మళ్ళీ రేడియేషన్ ఇచ్చే విషయం చర్చకు వచ్చింది గాని, ఇంతకు ముందు ఇచ్చిన 50.4 గ్రే, ఆ పక్కనే అతుక్కున్న చిన్నపేగు చుట్టలు దృష్టిలో పెట్టుకుని ముందు ఆపరేషన్‌కే మొగ్గారు. పేగు కలిపిన భాగాన్ని, మచ్చను, త్రికాస్థి కింది కొసను కలిపి ఒకే ముద్దగా తీశారు. శాశ్వత కొలోస్టమీ (పొట్ట మీద ద్వారం పెట్టి మలాన్ని సంచీలోకి పంపడం) తప్పలేదు. సంచీతో తోట పనులు ఎలా చేయాలన్నదే ఆయన మొదటి ప్రశ్న; స్టోమా నర్సు ఆయనతో గంటన్నర కూర్చున్నారు. పాథాలజీలో నారకణజాలం ఎడమ అంచున 1.6 సెంటీమీటర్ల గడ్డ ఉంది, అతి దగ్గరి కోత అంచు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో శుభ్రంగా ఉంది.

ఆరు వారాలకు సీఈఏ 1.9కి దిగింది. క్షయ చికిత్స ఆరు నెలలు పూర్తయ్యాక పెట్-సీటీ మరోసారి చేశాం. ఇటువంటి రోగులందరికీ ఏటేటా పెట్-సీటీ చేయమని నేను చెప్పను. ఎఫ్‌డీజీ భాగం ఒక్కటే ఐదారు మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ ఇస్తుంది, దాని పైన సీటీది వేరు. పెద్దపేగు క్యాన్సర్‌లో మామూలు పర్యవేక్షణకు సీఈఏ, సీటీ, కొలనోస్కోపీలే ఆధారం. అంకె పెరిగి చోటు తెలియనప్పుడే దీని అవసరం. ముసిన్ (జిగురు పదార్థం) ఎక్కువగా ఉండే గడ్డలైతే అసలు సరిగా వెలగనే వెలగవు. ఈయన విషయంలో గ్రంథులు నిజంగా మందులకు లొంగాయా లేదా అన్నది తేలాలి, ఎందుకంటే గ్రాన్యులోమా దొరికిన గ్రంథి పక్కనే క్యాన్సర్ ఉన్న గ్రంథి ఉండే అవకాశం పూర్తిగా పోదు. ఆ స్కాన్‌లో ఛాతీ గ్రంథుల ఎస్‌యూవీ 7.9 నుంచి 2.4కి పడిపోయింది, పరిమాణం సగమైంది. కటిభాగంలో ఆపరేషన్ చేసిన చోట పలచగా, చారలాగా కొంత మెరుపు ఉంది. ఎక్కడా గుండ్రంగా ముద్దకట్టలేదు.

ఆ రిపోర్టులో కుడి ఊపిరితిత్తి పైభాగపు నాలుగు మిల్లీమీటర్ల గింజ గురించి మొదటిసారి కంటే ఒక వాక్యం ఎక్కువగా రాశాను. అంత చిన్న గింజలోని మెరుపును పెట్ నమ్మకంగా పట్టుకోలేదు కాబట్టి, మెరుపు లేకపోవడాన్ని బట్టి అది క్యాన్సర్ కాదని అనడానికి వీల్లేదని, ఛాతీ సీటీతో కొలుస్తూ ఉండాలని సూచించాను. మొదటి స్కాన్‌లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. తరువాతి ఛాతీ సీటీ మరో నాలుగు నెలలకు, నిమ్మకాయల కోత ముగిశాక రమ్మన్నాం.